అచ్చులో అవ్వ పేరు

మొదటే చెప్పేస్తున్నాను, తప్పు నాది. డాక్టరమ్మది కొంత, మేష్ట్రుది కొంత, ఆఖరికి అవ్వది కూడా కొంత ఉందని నన్ను ఓదార్చినవాళ్ళున్నారు. వాళ్ళ ఓదార్పు వాళ్ళ దగ్గరే ఉంచుకోమనండి. ఆ కార్డుల మీద చిరునామాలు రాసింది నేను. మూలలకు పసుపు పూసింది నేను. చింతామణి పోస్టాఫీసు ముందున్న ఎర్ర డబ్బాలో వేసింది కూడా ఈ చేతులే.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. నాకప్పుడు ఇరవై నాలుగు. మా నాన్న కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న బాగేపల్లిలో గుడి పూజారి. నేను చిక్కబళ్ళాపురం కాలేజీలో బి.ఏ. చదివి, ఉద్యోగం సద్యోగం లేక ఇంట్లో కూర్చుని అమ్మ చేత మాటలు పడుతున్నాను. అప్పుడు తెలిసింది, బెంగళూరు నుంచి ఒక డాక్టరమ్మ చింతామణి ఊరి బయటున్న వృద్ధాశ్రమంలో పరిశోధన చేయడానికి వస్తోందని, ఆవిడకు తెలుగు రాదు కాబట్టి తెలుగూ కన్నడమూ రెండూ వచ్చిన పిల్ల కావాలని. జీతం ఎంతని కూడా అడక్కుండా చేరిపోయాను.

ఆ ఆశ్రమం ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన షెడ్డు. అందుకే అంత పొడుగు. రెండు గోడల వెంబడీ ఇనుప మంచాలు, ఒక కొసన వంటిల్లు, ఇంకో కొసన స్నానాల గది, మరుగుదొడ్డి. మరుగుదొడ్డిని అక్కడ అందరూ కక్కసు అంటారు, మా ఇంట్లోనూ అంతే. కుర్చీలాగా కూర్చునే కక్కసు ఒకటే ఉండేది. మోకాళ్ళు వంగనివాళ్ళకు అదే దిక్కు.

డాక్టరమ్మ తెచ్చిన ప్రశ్నల కాగితం ఒంటరితనం గురించి. మీకు ఒంటరిగా అనిపిస్తుందా? ఎప్పుడూనా, అప్పుడప్పుడా, అసలు లేదా? నేను మంచం మంచానికీ తిరిగి అడిగాను. అందరిదీ ఒకటే జవాబు. "బాగుండాదమ్మా. మాకేం తక్కువ? మేడమ్ బాగా చూసుకుంటాండారు." ఆశ్రమం చూసుకునే మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంటే ఇంకేమంటారు, పాపం. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. కానీ పెట్టే చెయ్యి ఎదురుగా ఉండగా నోరు ఎవరికి పెగులుతుంది?

డాక్టరమ్మ తెలివైంది. వారం తిరగకుండానే కాగితాలన్నీ సంచిలో పెట్టేసింది. "మనం అడగడం కాదు, ఏం అడగాలో వీళ్ళనే చెప్పనిద్దాం. అడిగేదీ వీళ్ళే, రాసేదీ వీళ్ళే. ఇకమీద వీళ్ళు మన పాలుదారులు" అంది కన్నడంలో. ఐదుగురు ముందుకొచ్చారు. అందులో ఇద్దరు మనుషులే మిగతావాళ్ళను నడిపించారు. ఒకరు కన్నడ బడిలో పనిచేసి రిటైరైన మేష్ట్రు. చేతులు వణికేవి గానీ అక్షరం గుండ్రంగా ఉండేది. రెండోది కెంచార్లహళ్ళి అవ్వ.

అవ్వది అంగడి కుటుంబం. డెబ్బై దాటింది. తుంటి ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. గోడ పట్టుకుంటే గానీ నడవలేదు, కింద కూర్చోనే లేదు. అక్షరం ముక్క రాదు. నోరు మాత్రం, నాకు సరిపోయిన నోరు.

"పాలుదారులంటే మా అంగడిలో మాట చెల్లేటోళ్ళు" అంది మొదటి రోజే. "ఈడ మా మాట చెల్తాదా, లేకపోతే ఉత్తదేనా?"

"చెల్తాదవ్వా. నువ్వు ఏం అడగమంటే అది అడుగుతాం."

"అయితే ఒంటరితనం సంగతి తర్వాత చూసుకుందాం. ఎవరి మంచానికి కక్కసు ఎంత దూరమో అడుగు. దినానికి ఎన్ని లోటాల నీళ్ళు తాగుతాండారో అడుగు."

నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మకు రాలేదు. మేష్ట్రు ఒక నోటుబుక్కు తెరిచాడు. అవ్వకు రాయడం రాదు కదా, ఆమె పద్ధతి ఆమె కనిపెట్టుకుంది. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు, ప్రతి మంచం కాళ్ళ దగ్గరా నాపరాయి మీద సుద్దముక్కతో చుక్క. ఒక లోటా నీళ్ళకు ఒక చుక్క. గోడ పట్టుకుని, ఒక్కో మంచం దగ్గర ఆయాసం తీర్చుకుంటూ తిరిగేది. వంగలేదు కాబట్టి కర్ర చివర సుద్దముక్క కట్టించుకుంది. సాయంత్రం మేష్ట్రు వెనకాలే వెళ్ళి చుక్కలు లెక్కపెట్టి బుక్కులో ఎక్కించేవాడు. నాకు ఎవరూ చెప్పని సంగతులు అవ్వకు చెప్పారు. ఎందుకు చెప్పరు? ఆమె కూడా అదే అన్నం తింటూ, అదే కక్కసుకు గోడ పట్టుకుని పోయే మనిషి.

కొన్ని వారాలకు ఎవరూ ఏమీ చదవక్కర్లేకపోయింది. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే చాలు. కక్కసు దగ్గరి మంచాల కింద చుక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. దూరం పోయేకొద్దీ పలచబడి, వంటింటి కొసన ఒకటో రెండో. ఆ కొసవాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు. అంత దూరం నడిచేలోపు బట్టలు తడుస్తాయని భయం, తడిస్తే నలుగురిలో సిగ్గు. నోరెండినా సరే, దాహం లేదనేవాళ్ళు.

మేడమ్ కోప్పడుతుందని భయపడ్డాం. ఆవిడ కోప్పడలేదు. "నాకెవరూ చెప్పలేదే" అంది, అంతే. మంచాలు మార్చడానికి ఒప్పుకుంది. ఎవరి కాళ్ళు అందరికంటే చెడ్డవో వాళ్ళకు కక్కసు పక్క మంచం అని ఐదుగురూ కూర్చుని తీర్మానించారు. అలా మొదటి మంచం అవ్వకే వచ్చింది. మంచానికీ కక్కసుకూ ఆరడుగులు. ఆమె అడుగులతోనే.

ఆ మంచం అంటే ఆమెకు ఎందుకంత ప్రాణమో ఒక మధ్యాహ్నం చెప్పింది. కెంచార్లహళ్ళిలో వాళ్ళది మిద్దె ఇల్లు, ముందర అంగడి. అయినా ఇంట్లో కక్కసు లేదు. దేవుడి గది, అంగడి లక్ష్మి ఉండే ఇంట్లో కక్కసు కట్టే ఆచారం లేదట. అందరూ చెంబు తీసుకుని ఊరి బయటికి పోవలసిందే. తుంటి విరిగాక కోడలు రెండు చేతులా పట్టుకుని నిలబడితే గానీ పని కాదు.

"కోడలు ఒక్క మాట అనలేదమ్మా. అంటే బాగుండు. మొగం అట్ల తిప్పుకోని నిలబడుకుంటాండె. ఆ మొగం చూసేకి నాకు సిగ్గు. నేనే మా వాడితో చెప్పి ఈడికి వచ్చేసినా. తలుపేసుకోని ఒక్కదాన్నే పొయ్యి వస్తాండాను చూడు, ఇంతకన్నా నాకేమి కావల్ల? ఈ మంచం చచ్చేదాంకా ఇడ్చను."

ఇంక కార్డు సంగతి. తేలినదంతా చెప్పడానికి ఒక సభ పెడదామంది డాక్టరమ్మ. ఇళ్ళవాళ్ళను పిలవాలి, తాలూకా ఆఫీసువాళ్ళను పిలవాలి. ఒక ఉత్తరం సరిపోయేది. కానీ మా వైపు పిలుపంటే కార్డే. కార్డంటే కింద పిలిచేవాళ్ళ పేర్లు, ఊరితో, ఇంటిపేరుతో, భర్త పేరుతో వరసగా ఉండాలి. లేకపోతే అదేం పిలుపు అంటారు. మేష్ట్రు పట్టుబట్టాడు, మిగతా నలుగురూ తలలూపారు.

పరిశోధనలో ఎవరి పేరూ బయటపెట్టబోమని చెప్పి మేమే సంతకాలు తీసుకున్నాం. ఆ మాత్రం బుద్ధి నాకుంది. ఎస్.టి.డి. బూత్ నుంచి బెంగళూరులో ఉన్న డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాను. "వాళ్ళు పాలుదారులు కదా. వాళ్ళకిష్టమైతే వెయ్యి. అడిగి వెయ్యి" అంది. అడిగాను. అవ్వ మొహం వెలిగిపోయింది.

"మా ఆయన పోయినంక మా ఇంట్లో మూడు పెండ్లిండ్లు అయినాయి. ఒక్క కార్డులోనూ నా పేరు యెయ్యలేదు. ముండమోసినదాని పేరు మంగళానికి పనికిరాదంట. ఇదేమీ పెండ్లి కాదు కదా. దీంట్లో యెయ్యి. కొంచెం పెద్దక్షరాలతో యెయ్యి తల్లీ."

చిక్కబళ్ళాపురంలో అచ్చాఫీసు ఆయనకు పెళ్ళి కార్డులు తప్ప ఇంకోటి తెలీదు. అంచుకు పూలతీగ వేశాడు. నేను వద్దనలేదు. కార్డులొచ్చిన రోజు అవ్వ తన పేరున్న చోటు ఎక్కడో చూపించమని, దాని మీద వేలు పెట్టి ఊరికే కూర్చుంది. తర్వాత ఎవరెవరికి పంపాలో చెప్పింది. పుట్టింటివాళ్ళకు, మేనల్లుడికి, ఆఖర్న మంచేనహళ్ళిలో ఒక ఇంటికి.

"వాళ్ళెవరవ్వా?"

"నా మనవరాల్ని ఇచ్చేకి మాట్లాడతాండారమ్మా. మాకు దూరపు సుట్టమే. ఆ పిల్ల అవ్వ ఎట్లాంటిదో వాళ్ళకీ తెలియల్ల."

ఎంత మురిసిపోయానో. పేరు గుండ్రంగా రాసి పసుపు పూశాను. నా పనే ప్రశ్నలు అడగడం, దానికే నాకు జీతం. ఆ రోజు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. అవ్వా, నువ్వు ఇక్కడున్నావని వాళ్ళకు తెలుసా? అది నా నోట రాలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

సభ ఇంకా రెండు రోజులుందనగా అవ్వ కొడుకు బాడుగ కారులో వచ్చాడు. చేతిలో ఆ కార్డు.

"దీన్ని పంపించిందెవరమ్మా?"

"నేనే."

తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన తిట్టలేదు. వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. తల్లి కాలికి వైద్యం కోసం అనంతపురంలో చెల్లెలి ఇంట్లో ఉందని ఊరందరికీ చెప్పుకున్నాడట. "మంచేనహళ్ళి వాళ్ళు ఫోన్ చేసినారు. కన్నతల్లిని పెట్టుకోలేనోడు పిల్లనెట్ల పెంచినాడో అన్నారంట. మా అమ్మను నేను తోసేయలేదమ్మా, ఆమే అడిగి వచ్చింది. చెప్తే ఎవరు నమ్ముతారు? వచ్చే వారం వాళ్ళు మా ఇంటికి వస్తాండారు. అమ్మ ఇంట్లో కనపడల్ల. లేకపోతే నా బిడ్డ పెండ్లి ఆగిపోతాది."

అవ్వ మంచం చువ్వ పట్టుకుంది. "నేను రాను. ఈ పాపనడుగు, నేనీడ పాలుదారురాలిని. నా పని ఉండాది."

నా వైపు చూసింది. నేను ఏదో ఒకటి చెయ్యగలనని ఆమె నమ్మకం. నేను పరుగెత్తాను. మేడమ్ దగ్గరికి పోతే, "చేర్చినవాళ్ళే సంతకం పెట్టి తీసుకెళ్తామంటే ఆపడానికి నేనెవరమ్మా" అంది. రోడ్డు దాటి బూత్‌కు పోయి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "ఇంటివాళ్ళ నిర్ణయాల్లో మనం తలదూర్చకూడదు. నువ్వు దూరంగా ఉండు" అంది. మీరు రండి, కొడుకుతో ఒక్క మాట చెప్పండి అని ఏడ్చాను. బూత్‌లో కూర్చున్నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. డాక్టరమ్మ "ఏడవకు" అని పెట్టేసింది. నీ చదువు తగలెయ్య అని అనుకున్నాను, ఆవిణ్ణో నన్నో.

తిరిగొచ్చి కొడుకు కాళ్ళావేళ్ళా పడ్డాను. పెళ్ళి కాగానే తీసుకొచ్చి దిగబెట్టమన్నాను. "చూస్తాం లేమ్మా" అన్నాడు. పోనీ ఇంట్లో ఒక కక్కసు కట్టించమన్నాను. "మా ఇంట్లో ఆ ఆచారం లేదు" అన్నాడు, నేనేదో కూడని మాట అన్నట్టు.

అవ్వను కదిలించింది మా మాటలేవీ కాదు. కొడుకు మంచం దగ్గరికి పోయి మెల్లగా, "నీ మనవరాలు అన్నం తినేది మానుకునిందమ్మా" అన్నాడు. అంతే. చువ్వ పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

కారు ఎక్కిస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. "నా మంచం ఎవరికీ ఇయ్యొద్దని చెప్పమ్మా." నేను తలూపాను. ఏ అధికారంతో ఊపానో దేవుడికే తెలియాలి.

సభ జరిగింది. తాలూకా ఆఫీసువాళ్ళు వచ్చారు, చప్పట్లు కొట్టారు, ఉప్మా తిన్నారు. అవ్వ చెప్పాల్సింది మేష్ట్రు చదివాడు. సగంలో ఆపి కాగితం నాకిచ్చాడు.

ఆ మర్నాడే మంచం పోయింది. పేరేసంద్ర నుంచి ఒకామె వచ్చి చేరింది. రెండు కాళ్ళూ చచ్చుబడి, నేల మీద దేకుతూ వచ్చింది. మేష్ట్రు బుక్కులో ఆమె పేరు మొదటి మంచానికి ఎదురుగా రాస్తుంటే పెన్ను లాక్కున్నాను. తండ్రి వయసు మనిషితో, నోటికొచ్చినట్టు మాట్లాడాను.

"చూడమ్మా, ఎవరి కాళ్ళు చెడ్డవో వాళ్ళకని కూర్చోని రాసుకున్నాము. ఆ అవ్వే ముందు చెయ్యెత్తింది. ఇప్పుడు ఈమెను ఆ కొసకి దేకమందామా?" అన్నాడు.

పెన్ను ఇచ్చేశాను. ఇంకో మంచం ఖాళీ లేదు. చేరడానికి కాచుకున్నవాళ్ళ పట్టీ గోడకు వేలాడుతూ ఉంది.

కొన్నాళ్ళకు బెంగళూరు నుంచి ఒక ఫారం వచ్చింది. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు ఎందుకు వెళ్ళారో గళ్ళలో గుర్తు పెట్టాలి. చనిపోయారు, ఇష్టపడలేదు, కుటుంబంతో కలిసి ఉండడానికి ఇంటికి వెళ్ళారు. ఈ మూడే. మూడో గడిలో టిక్కు పెట్టాను. అది చూసి డాక్టరమ్మ, "ఒక్కరైనా ఇంటికి చేరారు, మంచిదే కదా" అంది. వెటకారం కాదు. నిజంగానే అనుకుంది.

పెళ్ళి మంచేనహళ్ళి వాళ్ళతోనే జరిగిందని తెలిశాక, ఒక ఆదివారం కెంచార్లహళ్ళికి బస్సెక్కాను. ఎందుకు పోయానంటే ఏం చెప్పను? నిద్ర పట్టక పోయాను.

కొడుకు అంగడిలో ఉన్నాడు. మర్యాదగానే లోపలికి పొమ్మన్నాడు. అవ్వ నడవలో గోడకానుకుని కుర్చీలో ఉంది. సగం మనిషి అయిపోయింది. పెదవులు పగిలి తెల్లగా పొక్కులు లేచాయి. కోడలు రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చిపెట్టి లోపలికి పోయింది. అవ్వ తన గ్లాసు కూడా నా ముందుకు జరిపింది.

"తాగు. ఎండన పడి వచ్చినావు."

"నువ్వు తాగవా?"

"పొద్దున్నే ఒకసారి తాగుతాను. కోడలికి ఒక్కసారే కదా పని." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నా మంచం ఉండాదా?"

ఉంది అన్నాను. ఆ పెదవులు చూస్తూ లేదని ఎలా అంటాను? "ఉండాదవ్వా. అట్లే ఉండాది."

"అయితే ఇప్పుడే పోదాం పద. పెండ్లి అయిపాయె. ఇంక నాతో వీళ్ళకేమి పని? వాడితో నువ్వే చెప్పు, ఒప్పుకుంటాడు."

గోడ పట్టుకుని లేచింది. కూర్చోవ్వా, మళ్ళీ వస్తానంటున్నా వినిపించుకోలేదు. కొక్కేనికున్న రెండు చీరలు తీసింది, ఒక రవిక, దువ్వెన. పాత తువ్వాల మీద పెట్టి మూట కట్టింది. మూలన ఉన్న చెప్పులను కర్రతో లాక్కుని, ఒక కాలికి తొడిగి, ఊపిరి తీసుకుని, రెండో కాలికి తొడిగింది. మూట నా ఒళ్ళో పెట్టి చెయ్యి చాపింది, పట్టుకొమ్మని.

అప్పుడు చెప్పాను. మంచం ఇచ్చేశారని, సభ అయిన మర్నాడే ఇచ్చేశారని, నేను అబద్ధం చెప్పానని.

చాపిన చెయ్యి అలాగే ఉంది. "ఎవరికిచ్చినారు?"

"పేరేసంద్ర ఆమెకు. రెండు కాళ్ళూ పడిపోయినాయి. దేకుతుంది."

అవ్వ ఆలోచించింది. నిజంగానే, మేష్ట్రు పక్కన కూర్చుని తేల్చేటప్పుడు ఎలా ఆలోచించేదో అలా. "నాకంటే చెడ్డ" అంది. "సరిగ్గానే ఇచ్చినారు."

కుర్చీలోకి ఒరిగింది. ఏడవలేదు, నన్నొక మాట అనలేదు. ఒక్క మాట అని ఉంటే ఇన్నేళ్ళూ ఇలా మోసేదాన్ని కాదేమో.

"ఆ మూట నువ్వే విప్పమ్మా. నా చేతుల్లో బలం లేదు."

తువ్వాల ముడి గట్టిగా పడింది. గోళ్ళతో రాకపోతే పళ్ళతో లాగి విప్పాను. చీరలు రెండూ మళ్ళీ కొక్కేనికి తగిలించి, ఆమె కాళ్ళకున్న చెప్పులు తీసి మూలన పెట్టాను.